చివర నిలబడ్డవాడికే బంతి

అమెరికన్ ఫుట్‌బాల్ రూల్స్ నేను భయంతో నేర్చుకున్నాను. ఇష్టంతో నేర్చుకున్నవాళ్ళు నాకంటే బాగా చెప్పగలరేమో గానీ నా అంత శ్రద్ధగా ఎవరూ చదివి ఉండరు. మా అబ్బాయి పదకొండో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం స్కూలు నుంచి ఫారం తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పడేసి, సంతకం పెట్టమని చెప్పి స్నానానికి వెళ్ళిపోయాడు. దోహాలో ఫుట్‌బాల్ అంటే ఎవరైనా కాలితో తన్నే ఆటే అనుకుంటారు. నేనూ అదే అనుకుని పెన్ను తీశాను. హెల్మెట్ సైజెంత, భుజాల కొలతెంత అని ఫారం అడిగేసరికి చెయ్యి ఆగిపోయింది.

వాడు చదివేది అమెరికన్ సిలబస్ స్కూల్లో. ఇలాంటి జట్లు ఊరు మొత్తానికి నాలుగైదు ఉంటాయేమో. చలికాలం నాలుగు నెలలూ శనివారాల్లో తమలో తామే ఆడుకుంటారు. వాడు స్నానం చేసి వచ్చేలోపు నేను ఫోన్లో ఒక వీడియో చూశాను. బంతి పట్టుకున్న కుర్రాడు నాలుగడుగులు వేశాడో లేదో ముగ్గురు వచ్చి మీద పడ్డారు. నాలుగోవాడు ఆలస్యమైపోయిందే అన్నట్టు పరిగెత్తుకొచ్చి ఆ గుట్ట మీద తనూ పడ్డాడు. అడుగునున్న పిల్లాడి గురించి ఎవరికీ పట్టినట్టు లేదు.

నాకు భయం కొత్తేమీ కాదు. లిఫ్టు ఎక్కితే భయం, మా ఆయన వచ్చే కంపెనీ బస్సు పావుగంట ఆలస్యమైతే భయం. ఆయన రాస్ లఫాన్‌లో గ్యాస్ ప్లాంటు ఇంజినీరు. పగలంతా మంటల పక్కన తిరిగి ఇంటికొచ్చి, నీకు ప్రతిదానికీ భయమే అని నన్ను ఎగతాళి చేస్తారు. ఫారం సంగతి చెబితే ఆడనియ్యవోయ్, ఒళ్ళు గట్టిపడుతుంది అంటారని తెలుసు. వద్దంటే పిల్లాడు వారం రోజులు నాతో మాట్లాడడు. అందుకని సంతకం పెట్టకుండా ఫారం పక్కన పెట్టి, ఆ రాత్రీ మర్నాడూ కూర్చుని ఆ ఆట రూల్స్ చదివాను.

అందులో నాకు కావలసింది దొరికింది. ముందుకు విసిరిన బంతిని ఎవరు పడితే వాళ్ళు పట్టుకోకూడదట. చొక్కా మీద యాభై నుంచి డెబ్బై తొమ్మిది దాకా నంబరున్నవాళ్ళు అసలు పట్టడానికే పనికిరారట. నాకు ప్రాణం లేచొచ్చింది. బంతి పట్టనివాడి మీద ఎవరు పడతారు? ఫారంలో ఏ నంబరు కావాలో రాసేచోట మా అబ్బాయి ముందే పెన్సిల్‌తో ఎనభై ఒకటి, ఎనభై ఐదు అని రాసుకున్నాడు. వాడు పొడుగ్గా ఉంటాడు, చేతులు పెద్దవి, వాడికి పట్టాలనే ఉంది. నేను రబ్బరు తెచ్చి అవి చెరిపేసి పెన్నుతో అరవై మూడు అని రాశాను. మా ఆయన కారు నంబరు, ఫ్లాటు నంబరు, ఫోను నంబరు, ఏది కూడినా తొమ్మిదే రావాలంటారు. నాకు అంత నమ్మకం లేదు గానీ భయపడేవాళ్ళు దేన్నీ వదులుకోరు. ఆరూ మూడూ తొమ్మిది. మర్నాడు ఫారం కవర్లో పెట్టి అతికించి, స్కూలు ఆఫీసులో నేనే ఇచ్చి వచ్చాను.

రెండు వారాల తర్వాత వాడు చొక్కా పట్టుకుని ఇంటికొచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. అడిగిన నంబరు ఇవ్వలేదనీ, కోచ్‌కి ముందు వరసలో గుద్దుకునేవాళ్ళు కావాలి కాబట్టి తనని అక్కడ పెట్టాడనీ చెప్పాడు. కోచ్ ఫారంలో అరవై మూడు చూసి, ఈ పిల్లాడికి ఆ ముందు వరసలో, అంటే లైన్‌లో, ఆడాలని ఉంది కాబోలు అనుకున్నాడని నాకు అప్పుడే అర్థమైంది. ఏ నంబరైతే ఏముందిరా, ఆట ఆటే కదా అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా నా నోట్లోంచి వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మొదటి మ్యాచ్‌కి నిశ్చింతగా వెళ్ళాను. ఫ్లాస్కులో టీ కూడా పట్టుకెళ్ళాను. మైదానం పక్కన నిలబడి మా అక్కతో ఫోన్లో మాట్లాడుతుంటే, గడ్డి మీద తెల్ల గీతలు గీసే మనిషి పని ఆపి నా వైపు చూశాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఫోను పెట్టేయగానే, అక్కా మీది ఏ ఊరు అన్నాడు. మాది రాజమండ్రి అని చెప్పాను, తనది జగిత్యాల దగ్గర అన్నాడు. వాళ్ళమ్మకు గల్ఫ్ అంటే దుబాయే, ఆవిడ లెక్కలో తను ఇప్పటికీ దుబాయ్‌లోనే ఉన్నాడట. మూడేళ్ళుగా ఈ గ్రౌండులో గీతలు గీస్తూ, గీసినవాటి మీద ఏం జరుగుతుందో చూస్తూ ఆట మొత్తం నేర్చేసుకున్నాడు. మావాడి నంబరు అడిగి, చెప్పగానే తల ఊపాడు.

"అయితే లైన్ల ఉంటడు. బాల్ రాదు గని, బాల్ ఎటు పోయినా ఈళ్ళు మాత్రం ప్రతిసారి గుద్దుకుంటరు అక్కా. పట్టేటోడు ఆట మొత్తంల నాలుగుసార్లు కింద పడ్తడేమో. ఈళ్ళకైతే సెలవే లేదు."

నేను నవ్వాననుకుంటాను. తర్వాత ఆట మొదలైంది. బంతి కదిలిన ప్రతిసారీ రెండు వరసలూ ఎదురెదురుగా వెళ్ళి ఢీకొన్నాయి. హెల్మెట్‌కి హెల్మెట్ తగిలే చప్పుడు అంత దూరానికీ వినబడింది. బంతి పట్టేవాడు దూరంగా ఎక్కడో గాలి పీలుస్తూ నిలబడి ఉన్నాడు, చాలాసార్లు వాణ్ణి ఎవరూ తాకను కూడా తాకలేదు. మా వాడు మాత్రం లేవడం, గుద్దుకోవడం, లేవడం. రూల్స్ అన్నీ చదివిన నేను ఆట ఒక్కసారి కూడా పూర్తిగా చూడలేదు. కాపాడుకుందామని తీసుకెళ్ళి నా చేత్తోనే తిరగలిలో వేశాను. టీ తాగకుండానే ఇంటికి తెచ్చాను.

అప్పటినుంచీ ప్రతి శనివారం సాయంత్రం ఒకటే తంతు. వాడి ముంజేతులు నల్లగా కమిలిపోయేవి. ఐసు పెట్టేదాన్ని, నొప్పి మందు రాసేదాన్ని, రాస్తూ కళ్ళలోకి చూసి తల తిరుగుతోందా, వాంతి వచ్చేలా ఉందా అని అడిగేదాన్ని. వాడు విసుక్కునేవాడు. కోచ్ దగ్గరికి వెళ్ళి నంబరు మార్చండి అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ అది అడగాలంటే ముందు నంబరు ఎవరు రాశారో చెప్పాలి. మా ఆయనకి కూడా చెప్పలేదు. వారం వారం రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ గడిపేశాను.

వాడు గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు సాక్సులు ఉండ చుట్టి గోడకేసి కొట్టి పట్టుకునేవాడు. ఒకరోజు తలుపు దగ్గర నన్ను చూసి ఆపేశాడు. ఒక్కసారి పట్టాలని ఉందమ్మా, ఒక్కసారి పట్టి పరిగెత్తితే చాలు అన్నాడు. వచ్చే ఏడు పరీక్షలు, కాలేజీ దరఖాస్తులు ఉన్నాయి కాబట్టి వాడికి ఇదే మొదటి సీజను, ఇదే ఆఖరిది.

ఆఖరి మ్యాచ్‌కి ఐదు రోజుల ముందు వంటింట్లోకి ఎగురుకుంటూ వచ్చాడు. నేను పోపు వేస్తున్నాను. పక్కనున్న పోపులపెట్టె లాక్కుని, అందులో గిన్నెలు ఏడూ తీసి టేబుల్ మీద వరసగా పెట్టాడు. వాటి వెనక నాలుగు గ్లాసులు పెట్టాడు. స్టవ్వు కట్టేసి చూడమన్నాడు.

లైన్ మీద ఎప్పుడూ ఏడుగురు ఉండాలట, పోపులపెట్టెలాగే. వాళ్ళలో అటు చివరవాడూ ఇటు చివరవాడూ మాత్రమే బంతి పట్టొచ్చు, మధ్యవాళ్ళు పట్టకూడదు. వెనక గ్లాసులు పట్టొచ్చు. చివర ఆవాల గిన్నె ఉంది, దాని పక్కన మెంతుల గిన్నె. మెంతులు మా వాడు. పక్కన ఆవాలు ఉన్నంతసేపూ మెంతులకి బంతి రాదు, అందుకని ఎదుటి జట్టువాళ్ళు మెంతుల మొహం కూడా చూడరు. మ్యాచ్ అంతా అలాగే సాగుతుంది. ఆఖర్లో ఒక్కసారి ఆవాల గిన్నె ఒక అడుగు వెనక్కి జరుగుతుంది. అవతలి చివర ఒక గ్లాసు అడుగు ముందుకొచ్చి వరసలో కలుస్తుంది. లెక్క మళ్ళీ ఏడే.

"ఇప్పుడు ఈ చివర ఎవరున్నారు?" అన్నాడు.

"మెంతులు."

"అదే నేను. ఎవరూ నన్ను చూడరమ్మా. నేను ఊరికే పరిగెడితే చాలు, బంతి నాకే వేస్తారు."

ఇది మోసం కాదూ అని అడిగాను. కాదట. రూల్లోనే ఉందట, ఎదుటివాళ్ళు లెక్కపెట్టుకోకపోతే అది వాళ్ళ ఖర్మట. ఒక్కటే చిక్కు. అరవై మూడు నంబరువాడు చివర నిలబడ్డా పట్టడానికి వీల్లేదు కనుక కోచ్ మిగిలిపోయిన చొక్కా ఒకటి ఇచ్చాడు. దాని మీద నంబరు ఎనభై తొమ్మిది. మ్యాచ్ మొదలయ్యాక చొక్కా మార్చి నంబరు మార్చుకుంటే మాత్రం అది మోసం కిందే లెక్క, కాబట్టి మొదటినుంచీ ఎనభై తొమ్మిదే వేసుకోవాలి అన్నాడు. చొక్కా నా చేతిలో పెట్టి ఉతకమన్నాడు.

ఆ ఐదు రోజులూ నాకు అన్నం సహించలేదు. ఎనిమిదీ తొమ్మిదీ పదిహేడు, ఒకటీ ఏడూ ఎనిమిది. మా ఆయన లెక్కలో ఎనిమిది అంటే శని. ఆయన భయపడే విషయం ఇదొక్కటే కాబట్టి ఆయనకి చెప్పలేదు. అయినా నన్ను తినేసింది ఆ లెక్క కాదు. ఎవరూ చూడని పిల్లాడు బంతి పట్టాక అందరూ వాణ్ణే చూస్తారు. పదకొండు మంది ఒకేసారి తిరిగి, అప్పటిదాకా మోసపోయామన్న ఉక్రోషంతో పరిగెత్తుకొస్తారు. మొదటిరోజు చూసిన వీడియోలో అడుగునున్న పిల్లాడికి మా వాడి మొహం వచ్చేది.

శనివారం మధ్యాహ్నం వాడి బ్యాగు నేనే సర్దాను. రెండు చొక్కాలూ మంచం మీద పక్కపక్కన పరిచాను. మర్చిపోయి చేశానని చెప్పుకోవడానికి లేదు. చాలాసేపు చూసి, అరవై మూడు మడిచి బ్యాగులో పెట్టి, ఎనభై తొమ్మిది బీరువాలో నా చీరల కింద దాచాను.

కార్లో దారంతా వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. ఆవాల గిన్నె కుర్రాడు ఎప్పుడు వెనక్కి జరుగుతాడో, తను లోపల ఎన్ని అంకెలు లెక్కపెట్టి పరుగు తీయాలో చెబుతున్నాడు. నేను ఊఁ కొడుతూ స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను. పార్కింగ్‌లో కారు ఆపేసరికి మసీదులోంచి అసర్ అజాన్, మూడు గంటల నమాజు పిలుపు, వినిపిస్తోంది. వాడు వెనక సీట్లోంచి బ్యాగు తీసి జిప్పు మీద చెయ్యి వేశాడు. ఆ క్షణం దాకా నాకు చెప్పే ఉద్దేశం లేదు.

"అందులో ఎనభై తొమ్మిది లేదు," అన్నాను.

"మర్చిపోయావా?"

అవును అంటే అయిపోయేది. వాడే ఆ మాట నాకు అందించాడు కూడా.

"లేదు. కావాలనే పెట్టలేదు. నువ్వు బంతి పట్టుకుంటే అందరూ నీ మీద పడతారని."

వాడు అరవలేదు. అరిస్తే బావుండుననిపించింది. ఫోనులో టైము చూసుకున్నాడు. అక్కడినుంచి అల్ తుమామాలో మా ఇంటికి పాతిక నిమిషాలు, తిరిగి రావడానికి మళ్ళీ అంత. ఆట మొదలవడానికి ఇరవై నిమిషాలుంది.

"ఇప్పుడు వెళ్తే తెస్తావా?" అన్నాడు.

"తెస్తాను."

"అయితే అది వచ్చేదాకా నేను దిగను. అరవై మూడుతో ఒకసారి దిగితే ఇంక మార్చుకోనివ్వరు."

భుజాల కవచం, హెల్మెట్ తీసుకుని, బ్యాగు సీట్లోనే వదిలేసి వెళ్ళిపోయాడు.

మా ఇంటి దగ్గర స్టేడియంలో ఆ సాయంత్రం మామూలు ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది. జెండాలు కట్టిన కార్లు రోడ్డు నిండా ఉన్నాయి. ప్రతి సిగ్నల్ దగ్గరా నాకు అదే ఆలోచన. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను అంటే ఎవరూ నన్ను ఏమీ అనలేరు. అబద్ధం కూడా కాదు. నేను ఆలస్యం చేస్తే వాడు ఈ రోజు బంతీ పట్టడు, ఎవరితోనూ గుద్దుకోడు, బెంచీ మీద క్షేమంగా కూర్చుంటాడు. మూడు నెలలుగా నేను కోరుకున్నది ఏ కష్టమూ లేకుండా నా చేతిలో ఉంది. ఒక పెట్రోలు బంకు కనబడితే లోపలికి తిప్పి ఆపాను. పెట్రోలు అక్కర్లేదు. ఊరికే ఆపాను.

వాడు బెంచీ మీద కూర్చుని గేటు వైపు చూస్తుంటాడు. జరిగినదంతా చెప్పాక కూడా నేను తెస్తాననే అనుకుంటున్నాడు.  నేను తేకపోతే అంతకంటే పెద్ద దెబ్బ వాణ్ణి ఆ మైదానంలో ఎవరూ కొట్టలేరనిపించింది. కారు మళ్ళీ రోడ్డు మీదికి తిప్పాను.

ఇంటికెళ్ళి చీరలన్నీ నేల మీదికి లాగేసి చొక్కా తీశాను. తిరిగి వచ్చేసరికి ఆట సగం కావస్తోంది. గీతలు గీసే తమ్ముడు గేటు దగ్గరే నాకు ఎదురొచ్చాడు.

"అక్కా, మీవోడు ఆడ్తలేడు. ఒక్కడే కూసున్నడు. కోచ్ రెండుసార్లు పిలిచిండు, పోలే. ఏమన్న దెబ్బ తాకిందా?"

దెబ్బేం లేదని చెప్పి ముందుకు పరిగెత్తాను. మా వాడు చొక్కా అందుకుని, నా వైపు చూడకుండానే థాంక్స్ అమ్మా అన్నాడు. కోచ్ నన్నొకసారి చూసి రిఫరీ దగ్గరికి వెళ్ళాడు. రిఫరీ వాడి వీపు మీద నంబరు చూసి, ఇప్పటిదాకా ఆడలేదు కదా అని అడిగి, సరే అన్నాడు.

రెండో సగమంతా వాడు మెంతుల గిన్నె చోట ఆడాడు. పక్కన ఒకడు, ఆ ఒకడి నీడలో వీడు. ఎదుటివాళ్ళు మొదట్లో వీడి కొత్త నంబరు కేసి రెండుమూడుసార్లు చూశారు, తర్వాత మర్చిపోయారు. నేను కూర్చోలేక కంచె పట్టుకుని నిలబడ్డాను. మా జట్టు నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. ఆఖరి నిమిషంలో పిల్లలందరూ వరసలోకి వచ్చాక చివరి కుర్రాడు ఏమీ ఎరగనట్టు ఒక అడుగు వెనక్కి వేశాడు. అవతలి చివర ఇంకొకడు ముందుకొచ్చాడు. నేను లెక్కపెట్టాను. ఏడుగురు. ఇటు చివర మా వాడు.

బంతి కదిలింది. రెండు వరసలూ ఢీకొన్నాయి. వాడు ఒక్క క్షణం ఎదుటివాణ్ణి ఆపినట్టు ఆపి, పక్కకి జారి పరుగు తీశాడు. ఎవరూ వెనక వెళ్ళలేదు. ఒక్కరు కూడా వెళ్ళలేదు. వాడు ఆగి వెనక్కి తిరిగేసరికి వాడి చుట్టూ పది గజాల మేర పచ్చగడ్డి తప్ప మనిషి లేడు. అన్ని రోజులు నేను లెక్కపెట్టుకున్న ఆ పదకొండు మందీ ఎక్కడో వేరే వైపు ఉన్నారు. బంతి నెమ్మదిగా, పట్టుకోమన్నట్టుగా వచ్చింది. వాడి అరచేతుల్లో పడింది, ఎగిరి ఛాతీకి తగిలింది, గడ్డి మీద పడి దొర్లిపోయింది.

నేను భయపడిన వాటిలో ఇది లేదు.

మ్యాచ్ ఓడిపోయారు. వాడు హెల్మెట్ తీయకుండా చాలాసేపు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జట్టు పిల్లలు ఒక్కొక్కరే వచ్చి భుజం తట్టి వెళ్ళారు. ఎవరూ వాణ్ణి తిట్టలేదు. కారెక్కాక వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు, నేను ఏసీ తగ్గించాను, పెంచాను, మళ్ళీ తగ్గించాను. నాలుగు సిగ్నళ్ళు దాటాక ఇంక ఆగలేక ఫారం సంగతి చెప్పేశాను. పెన్సిల్ అంకెలు చెరిపింది నేనేననీ, అరవై మూడు రాసింది నేనేననీ, కోచ్‌కి ఏ పాపమూ తెలియదనీ చెప్పాను. మొదటినుంచీ పట్టేవాళ్ళతో ప్రాక్టీసు చేసి ఉంటే ఈ రోజు బంతి జారేది కాదనీ, తప్పంతా నాదేననీ అన్నాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. వాడు నా వైపు తిరిగాడు.

"ఫారం సంగతికి నాకు చాలా కోపంగా ఉందమ్మా. దాని గురించి ఇప్పుడు మాట్లాడలేను," అన్నాడు. మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. "కానీ బంతి నా చేతుల్లో పడింది. పక్కన ఎవరూ లేరు. నేనే జారవిడిచాను. అది నాది. దాన్ని కూడా నువ్వు తీసేసుకోకు."

సరే అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు ఇంకో రెండు సిగ్నళ్ళు పట్టింది.